నలభై ఒకటో నంబరు నీటిబొట్టు

పిల్లల్లో ఆశ్చర్యం తగ్గిపోతోందని ఆ యేడు పైవాళ్ళకు అనుమానం వచ్చింది. అనుమానం కిందివాళ్ళకొస్తే కడుపులో దాచుకుంటారు. పైవాళ్ళకొస్తే అది సర్క్యులరవుతుంది. ఆగస్టు నెల మొదటి వారంలో నక్కలగుంటపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పదకొండు పేజీల సర్క్యులరొకటి వచ్చి పడింది. దాని పేరు 'విద్యార్థి విస్మయ వృద్ధి పథకం'.

హెడ్మాస్టరు ఖాజావలి గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి చదివి, సైన్సు టీచరు వకుళను పిలిపించారు.

"వకుళమ్మా, మన ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మందీ ఆశ్చర్యపోవాలంట."

"దేనికి సార్?"

"దేనికంటే ఏం చెప్పను? జిల్లా కేంద్రంలో 'చెయ్యిపెట్టి చూడు' విజ్ఞాన కేంద్రం పెట్టారు గదా. ఆడ నలభై ప్రదర్శనలుండయ్యంట. మనం పిల్లల్ని తీసకపోవాల. పిల్లకొకటి చొప్పున ఆశ్చర్యపోవాల. పోయినట్టు ఫోటో తియ్యాల. ఫోటోలో పిల్ల మొహం, ప్రదర్శన నంబరు రెండూ పడాల. యాప్‌లో ఎక్కియ్యాల."

వకుళకు నవ్వొచ్చింది. ఫోటోలు ఆమెకేం కొత్త కాదు. పొద్దున బాత్రూముల ఫోటో, పదకొండింటికి పిల్లల బూట్ల ఫోటో, మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటో తీసి ఎక్కించాకే ఆమె పాఠం జోలికి వెళ్తుంది. బాత్రూములూ బూట్లూ గుడ్లూ అయ్యాక ఇక మిగిలింది ఆశ్చర్యమే గదా, దాని వంతూ వచ్చింది అనుకుంది.

"నవ్వబాకమ్మా, చివరి పేజీ చూడు," అన్నారు ఖాజావలి గారు.

చివరి పేజీ చూశాక వకుళ నవ్వడం మానేసింది. 'నూటికి నూరు శాతం విస్మయము సాధించిన తరగతికి ఒక సూక్ష్మదర్శిని బహూకరింపబడును' అని ఉంది అక్కడ.

ఆ బడికొచ్చి వకుళకు పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా బీరువాలో ఒక మైక్రోస్కోపు గొట్టం ఉంది. దానికి కటకాలు లేవు, ఎన్నడు పోయాయో చెప్పేవాళ్ళూ లేరు. యేటా కణం పాఠం వస్తుంది. యేటా ఆమె ఉల్లిపొర కణాలను సుద్దముక్కతో బోర్డు మీద ఇటుకల్లా గీస్తుంది. యేటా ఎవడో ఒకడు లేచి "మీరు చూశారా టీచర్?" అంటాడు. చూసింది, డిగ్రీ చదివేటప్పుడు, ఆరుగురు ఆడపిల్లలకు ఒకే మైక్రోస్కోపు, తన వంతుకు అరనిమిషం. ఆ అరనిమిషమే పదకొండేళ్ళ నుంచీ చెప్పుకొస్తోంది. ఈ పిల్లలకు ఒక్కసారి నిజంగా చూపిస్తే చాలు, తర్వాత ఏ అడవికి బదిలీ చేసినా సరే అని ఎన్నిసార్లు అనుకుందో.

"పోదాం సార్. ముప్పై ఎనిమిది మందీ ఆశ్చర్యపోతారు. నాదీ పూచీ," అంది.

మర్నాటి నుంచి రిహార్సళ్ళు మొదలయ్యాయి. ఆశ్చర్యం ఎట్లా ఉండాలో సర్క్యులరు నాలుగో పేజీలో ఉంది. 'నోరు రెండు వేళ్ళ మందము తెరుచుకొనవలెను. కనుబొమలు యథాస్థానము నుండి పైకి జరుగవలెను. పళ్ళు కనబడిన యెడల అది నవ్వుగా పరిగణింపబడి తిరస్కరింపబడును.' ప్రార్థన అయ్యాక పిల్లలు వరండాలో వరసగా నిలబడి నోళ్ళు తెరిచేవాళ్ళు. ఖాజావలి గారు రెండు వేళ్ళు చాపుకుని ఒక్కొక్కరినీ సరిచూస్తూ నడిచేవారు. మూడోనాడు ఒకడి నోట్లో ఈగ దూరింది. వాడి మొహం చూసి "ఇదిగో, ఇట్టా ఉండాల ఆశ్చర్యమంటే!" అని ఆయన మురిసిపోయారు.

అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సువార్త అనే పిల్ల మాత్రం నోరు తెరవలేదు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగే సలోమి కూతురు. క్లాసులో మూడో బెంచీ, మాట తక్కువ.

"ఏమే, నీకేం వచ్చింది?" అంది వకుళ.

"నాకు ఆశ్చర్యమేస్తే నోరు మూసుకుపోద్ది టీచర్."

"ఉత్తుత్తికే తెరువు. రెండు నిమిషాల పని."

"ఉత్తుత్తికంటే అబద్ధం గదా టీచర్," అంది ఆ పిల్ల, పొగరేమీ లేకుండా, లెక్కలో తప్పు చూపించినట్టుగా.

వకుళకు ఒళ్ళు మండింది. ముప్పై ఏడుగురు బుద్ధిగా నోళ్ళు తెరుస్తుంటే ఈ హరిశ్చంద్రుడి మనవరాలొకతె దొరికింది నా ప్రాణానికి అనుకుంది. అక్కడికి వెళ్ళాక అదే తెరుస్తుందిలే అని సరిపెట్టుకుంది.

సెప్టెంబరులో ఒక గురువారం బస్సు కట్టించుకుని వెళ్ళారు. విజ్ఞాన కేంద్రం గుమ్మంలో విస్మయాధికారి పరాంకుశం గారు ఎదురొచ్చారు. సఫారీ సూటు, మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో స్టాపువాచీ.

"ప్రియమైన విద్యార్థులారా! విజ్ఞానమును చేతితో తాకి, మనసుతో ఆస్వాదించుటయే ఈ సంస్థ యొక్క పరమ లక్ష్యము. ఒక్కొక్కరికి నలభై సెకన్లు. మొదటి ముప్పై సెకన్లు ఫోటోకు, చివరి పది సెకన్లు తాకుటకు. సమయము మిగిలినచో ఆస్వాదింపవచ్చును."

సమయం ఎవరికీ మిగల్లేదు. ఫోటోలో మొహం పడాలి కాబట్టి పిల్లలు కెమెరా వైపు తిరగాలి. కెమెరా వైపు తిరిగితే ప్రదర్శనకు వీపు పెట్టాలి. అట్లా ఆ పిల్లలు పొద్దుటి నుంచీ ఒక్కొక్క వింతకూ వీపు చూపిస్తూ, నోళ్ళు తెరుస్తూ, గది తర్వాత గది దాటారు. మెరుపుల గోళానికి వీపు. తలకిందులుగా చూపే అద్దానికి వీపు. చేత్తో తిప్పితే బల్బు వెలిగే చక్రానికి వీపు. ఒకడు ఆగలేక వెనక్కి తిరిగి చూశాడు, నిజంగానే వాడి నోరు తెరుచుకుంది.

"తిరస్కరింపబడినది! విస్మయము కెమెరాకు అభిముఖముగా లేదు," అన్నారు పరాంకుశం గారు.

వాణ్ణి మళ్ళీ ఇటు తిప్పి తెరిపించారు. తర్వాతి పిల్ల నోరు తెరిచి పెట్టుకునే "టీచర్, నా ఎనకాల ఉన్నది ఏంది?" అని ముద్దముద్దగా అడిగింది. వకుళ బోర్డు చదివి చెప్పింది. ఇంత దూరం తీసుకొచ్చి ఇక్కడ కూడా నోటిమాటే చెబుతున్నాను గదా అనిపించింది. మైక్రోస్కోపు గుర్తుచేసుకుని తర్వాతి పిల్లాణ్ణి నిలబెట్టింది.

మధ్యాహ్నం మూడున్నరకు ముప్పై ఏడు ఆశ్చర్యాలు ఎక్కాయి. ముప్పై ఎనిమిదోది దొరకలేదు. సువార్త వరసలో లేదు.

నాలుగింటికి కేంద్రం మూసేస్తారు. వకుళ గదులన్నీ పరుగున వెతికింది. చివరి గదిలో, మరమ్మతుకు తీసుకెళ్ళిన ప్రదర్శన తాలూకు ఖాళీ బల్ల దగ్గర ఆ పిల్ల ఒంగి ఉంది. బల్ల మీద పాత పేపరు పరిచి, దానిమీద అద్దం వేసి ఉంది. పైన ఏసీ కారుతోంది. అద్దం మీద పడ్డ బొట్టును సువార్త వేలి కొసతో మెల్లగా నెడుతోంది. పెదాలు బిగబట్టి, ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు.

"సువార్తా! నీ కోసం ఎన్ని గదులు..."

"టీచర్, బొట్టు ఏ అచ్చరం మీదకి పోతే ఆ అచ్చరం ఉబ్బుతుంది."

వకుళ ఒంగి చూసింది. చీమంత 'ళ' ఒకటి బొట్టు కిందకు రాగానే లావెక్కి, పేపరు పీచుతో సహా కనపడింది. పక్కకు నెట్టగానే మళ్ళీ చీమంతయింది. బొట్టు పొడుగ్గా సాగితే అక్షరమూ సాగింది. ఇద్దరూ తలలు ఆనించి ఎంతసేపు ఉన్నారో తెలియదు. ఈ కేంద్రంలో సైన్సు చూసింది ఇవాళ ఇదొక్కతే అనుకుంది వకుళ. అనుకున్నాక, ఈ పిల్లను పట్టుకుపోయి మెరుపుల గోళానికి వీపు పెట్టించి నోరు తెరిపించడం తన వల్ల కాదని తెలిసింది. మైక్రోస్కోపు పోతే పోయింది అనుకుంది కూడా. అనుకోగానే ఏడుపొచ్చినంత పనయింది.

స్టాపువాచీతో సహా పరాంకుశం గారు వచ్చారు. "అమ్మా, పదకొండు నిమిషములు మాత్రమే యున్నవి. ఈ బాలిక విస్మయము నమోదు కాలేదు."

"ఈ పిల్ల ఆశ్చర్యపోయింది సార్. ఇక్కడ, దీన్ని చూసి."

"ప్రదర్శన సంఖ్య లేని చోట విస్మయము చెల్లదు. అది అనధికార విస్మయము."

"అయితే దీనికో నంబరు వెయ్యండి."

"నీటిబొట్టుకా?"

"మీ దగ్గర నలభై ఉన్నయ్. నలభై ఒకటి కాకూడదని ఎక్కడన్నా రాసుందా?"

పరాంకుశం గారు ఆలోచించారు. నిజంగానే ఎక్కడా రాసి లేదు. రాసి లేనిదాన్ని కాదనడానికి ధైర్యం చాలక డైరెక్టరు గారికి ఫోన్ చేశారు. డైరెక్టరు గారికి ఈ నెల ప్రదర్శనల సంఖ్య పెరిగిందని చూపించుకోవాల్సిన అవసరం ఉన్నట్టుంది. రెండు నిమిషాల్లో అనుమతి వచ్చింది. బొట్టు పక్కన 41 అని చీటీ అంటించారు.

"మరి నోరు?" అన్నారు పరాంకుశం గారు.

వకుళ సర్క్యులరు తొమ్మిదో పేజీ తీసింది. "'నోరు తెరుచుటకు అవరోధమున్నచో విస్మయాధికారి స్వయముగా పరిశీలించి ధ్రువీకరింపవచ్చును' అనుంది. ఈ పిల్లకు ఆశ్చర్యమేస్తే నోరు మూసుకుపోతుంది. అదే అవరోధం. మీరు ఒంగి చూస్తే దీనికి ఎందుకంత ఆశ్చర్యమేసిందో మీకే తెలుస్తుంది."

ఆయన సఫారీ సూటు నలక్కుండా ఒంగారు. సువార్త వేలితో బొట్టును నెట్టింది.

"ఓరి నీ..." అన్నారు పరాంకుశం గారు. వెంటనే నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నారు. "విస్మయాస్పదముగానే యున్నది. ధ్రువీకరించడమైనది."

నూటికి నూరు. తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడారు. సువార్త కిటికీ అద్దం మీది వానచినుకును వేలితో నెడుతూ కూర్చుంది.

మూడు వారాలు వకుళ గేటు వైపు చూస్తూ పాఠాలు చెప్పింది. ఈలోగా బడిలో బొట్టు కింద ఉల్లిపొర కూడా పెట్టి చూశారు. బొట్టుకు అక్షరం లొంగింది గానీ కణం లొంగలేదు. "మైక్రోస్కోపు రానియ్యండి," అని చెప్పింది పిల్లలకు. నాలుగో వారం మైక్రోస్కోపు బదులు మెమో వచ్చింది.

'విషయము: ప్రదర్శన నం. 41 కనబడకుండుట. వార్షిక తనిఖీలో నలభై ప్రదర్శనలు మాత్రమే లభ్యమైనవి. నం. 41 అద్దముపై లేదు. సదరు ప్రదర్శనను చివరిసారి చేతితో తాకినది మీ విద్యార్థిని సువార్త. కావున ప్రదర్శనను తిరిగి అప్పగించు వరకు మీకు మంజూరైన సూక్ష్మదర్శిని మా అధీనమందే యుంచబడును.'

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఖాజావలి గారికి చెమటలు పట్టాయి. "ఏందమ్మా ఇది, పిల్ల మీద దొంగతనం పెట్టేట్టున్నారు! నేను ఇంకో యేడాదిలో రిటైరయ్యేవాణ్ణి."

సువార్తను పిలిచి అడిగారు. "ఆవిరైపోయుంటది సార్. చిన్న క్లాసులోనే చెప్పారు గదా," అంది ఆ పిల్ల, ఇంత చిన్న సంగతి అంత పెద్దాఫీసుకు తెలియకపోవడమేంటని.

అదే మాట రాసి పంపారు. వారం తిరక్కుండా జవాబు. 'మీ వివరణ పరిశీలించడమైనది. ప్రదర్శన ఆవిరై వెళ్ళుటకు ముందస్తు అనుమతి పొందియుండలేదు. అయినను మొదటి తప్పుగా భావించి క్షమించడమైనది. ఆవిరైన నీరు వర్షరూపమున తిరిగివచ్చునని మా సాంకేతిక విభాగము తెలియజేసినందున, వచ్చిన వెంటనే తిరిగి అప్పగింపవలెను.'

"వానొస్తే పట్టుకుని అప్పజెప్పమంటున్నారు," అన్నారు ఖాజావలి గారు నీరసంగా.

"పట్టుకుందాం సార్," అంది వకుళ. ఇంత దూరం వచ్చాక ఆమెకు మొండితనం పట్టుకుంది.

అక్టోబరు చివర తుఫాను పట్టింది. బడికి సెలవిచ్చే లోపల పిల్లలంతా వరండా చూరు కింద పళ్ళేలూ గ్లాసులూ పట్టుకుని నిలబడ్డారు. దగ్గుమందు సీసా ఒకటి కడిగి నింపారు. ఖాజావలి గారు ముద్ర కొట్టి సంతకం చేసిన ఉత్తరం దానికి కట్టారు. 'నం. 41 వర్షరూపమున తిరిగివచ్చినది. తోడు వచ్చిన వాటితో కలిపి అప్పగించుచున్నాము.'

అయిపోయిందనుకున్నారు. మూడో మెమో వచ్చింది. 'సీసాయందు ఒకటి కన్న ఎక్కువ బొట్లు ఉన్నట్లు గమనింపబడినది. వాటిలో నం. 41 ఏదో సదరు విద్యార్థిని స్వయముగా హాజరై గుర్తింపవలెను.'

సోమవారం వకుళ, సువార్తను వెంటబెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. ఈ పిల్ల ఏదో ఒక బొట్టు చూపించి ఇదేనంటే చాలు. ఒక్క మాట. మైక్రోస్కోపు సాయంత్రానికి బడిలో ఉంటుంది. ముప్పై ఎనిమిది మందీ చూస్తారు. దిగే ముందు నోరు విప్పింది కూడా. "సువార్తా, అక్కడ..." అంది. ఆ పిల్ల తలెత్తి చూసింది. అబద్ధం చెప్పమని పాఠం చెప్పే నోటితో ఎట్లా అంటుంది? "అక్కడ మెట్లు జారుడుగా ఉంటాయి, చూసి నడువు," అంది.

పరాంకుశం గారి గదిలో బల్ల మీద సీసా ఉంది. వెనక బీరువా నెత్తిన ఒక చెక్కపెట్టె, దాని మీద నక్కలగుంటపాలెం అని చీటీ. వకుళ కళ్ళు సీసా మీద నిలవలేదు, పెట్టె మీదికే పోతున్నాయి.

పరాంకుశం గారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, కార్యాలయ భాష పక్కన పెట్టేశారు. "చూడమ్మా, ఈ ఫైలుతో నాకు నిద్ర పట్టట్లేదు. ఏదో ఒక బొట్టు తీసి ఇదేనని చెప్పు. నేను సంతకం పెడతా. అందరం ఇళ్ళకి పోదాం."

సువార్త సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"అన్నీ ఒకేలాగుండయ్ సార్. చూడకుండా ఇదేనని ఎట్టా చెప్పేది?"

"చూస్తూనే ఉన్నావు గదమ్మా!"

"ఇట్టా కాదు సార్. ఒక్కో బొట్టూ తీసి దగ్గరగా చూడాల. ఆ పేపరు పీచు ఏదన్నా అంటుకొనుందేమో, దాని లోపల ఇంకేమన్నా ఉందేమో. ఉత్త కళ్ళకి కనపడదు."

వకుళ చూపు మళ్ళీ చెక్కపెట్టె మీదికి పోయింది. ఆ పిల్ల మొహంలో అతితెలివి లేదు, ఎత్తుగడ లేదు. అడిగిన పనికి ఏం కావాలో అది చెప్పిందంతే.

"నిజమే సార్," అంది వకుళ, వీలైనంత మామూలు గొంతుతో. "గుర్తించమని రాసింది మీరే. ఉత్తకళ్ళతో గుర్తిస్తే రేపు ఆడిట్లో చెల్లుతుందా?"

ఆడిట్ అన్న మాటకు పరాంకుశం గారి వెన్ను దానంతటదే నిటారైంది. ఆయన కుర్చీ వేసుకుని ఎక్కి, పెట్టె దించి, దుమ్ము తుడిచి, కాగితం తీసి రాశారు. మళ్ళీ భాష వచ్చేసింది. 'ప్రదర్శన నం. 41ను గుర్తించు నిమిత్తము, ఒక సూక్ష్మదర్శినిని, సీసాతో సహా, సదరు పాఠశాలకు తాత్కాలికముగా ఇవ్వడమైనది. గుర్తింపు పూర్తియైన మరుక్షణము రెండింటినీ తిరిగి అప్పగింపవలెను.'

ఇప్పుడు నక్కలగుంటపాలెం బడిలో ప్రతి శుక్రవారం నాలుగో పీరియడులో సీసాలోంచి ఒక బొట్టు తీసి గాజుపలక మీద వేస్తారు. సువార్త చూస్తుంది, తర్వాత వరసగా అందరూ చూస్తారు. కాదని రిజిస్టరులో రాసి ఖాజావలి గారు సంతకం పెడతారు. మిగతా ఐదు రోజులూ మైక్రోస్కోపు ఖాళీయే కాబట్టి ఉల్లిపొర, చేప పొలుసు, ఈగ రెక్క ఏది దొరికితే అది పెడుతున్నారు. సీసాలో పన్నెండు వందల బొట్లున్నాయని ఆయన లెక్కగట్టారు. వారానికొకటి చొప్పున ఇరవైమూడేళ్ళు పడుతుందని పైకి రాస్తే, 'తొందరపడి పొరపాటు చేయరాదు' అని జవాబొచ్చింది.

నిన్నటికి పదకొండు చూశారు. పదకొండూ కాదు. అయినా సీసా తరిగినట్టు కనపడడంలేదు. వానొచ్చినప్పుడల్లా ఎవరో నింపుతున్నారు. ఎవరని వకుళ టీచరు అడగలేదు.